తమ్ముడి గుమ్మం ముందు గొంతు లేకుండా

పాట మధ్యలో నా గొంతు పోయింది. ఆదివారం ఆరాధనలో పల్లవి ఎత్తుకున్నాను, చరణానికి వచ్చేసరికి గాలి తప్ప ఏమీ రాలేదు. గూడూరు దగ్గర మా పల్లెలోని చిన్న సంఘంలో పాటలు ఎత్తుకునేది నేనే. నా గొంతు తీయనిదని కాదు, పెద్దదని. మా ఆవిడ మార్త ముసిముసిగా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అప్పటికే నెలకు పైగా దగ్గు, ప్యాంటు నడుము మీద నిలవడం లేదు. లోపల ఏదో మొదలైందని తెలుసు.

మందుల షాపు సిరప్‌లన్నీ అయ్యాక మహబూబాబాద్ దవాఖానకు పోయాం. అక్కడి నుంచి వరంగల్ పంపారు. ముక్కులోంచి కెమెరా దింపి చూసిన డాక్టర్ తల ఎత్తకుండానే అన్నాడు: "వోకల్ కార్డ్ మీద గడ్డలాగ ఉంది. బయాప్సీ చేద్దాం. అప్పటిదాకా వాయిస్ రెస్ట్."

వాయిస్ రెస్ట్ అంటే నోరు మూసుకోమని. మార్త ఇన్నేళ్లుగా తెలుగులో రాసిస్తున్న మందే అది.

"క్యాన్సరా సార్?" అని మార్త అడిగింది.

"కావచ్చు, కాకపోవచ్చు."

నాకు మొదటి మాటే వినపడింది. గొంతు పోయింది గానీ గొంతెమ్మ కోరికలు పోలేదు. ప్రభువా, గొంతు తీసుకుని ప్రాణం ఉంచు అని ఒకసారి, రెండూ ఉంచు అని ఇంకోసారి బేరమాడాను.

రిపోర్ట్ కోసం చూస్తున్న రోజుల్లో పాస్టరయ్య సంఘపెద్దలతో ఇంటికి వచ్చాడు. మా దగ్గర రోగికి నూనె రాసి ప్రార్థన చేసేముందు ఒక మాట అడుగుతారు.

"ఎవరి మీదనన్న మనసుల ఏమన్న పెట్టుకున్నవా అన్నా? ఉంటే ఇడిచిపెట్టు."

లేదని తల ఊపాను. నుదుటి మీద నూనె రాశారు. దేవుని ముందు అబద్ధమాడాను.

గోడ అవతల మా తమ్ముడు యాకయ్య ఉంటాడు. అమ్మా నేనూ బాప్తిస్మం తీసుకున్నాం, వాడు తీసుకోలేదు. అమ్మ పోయిన రోజు నేను భూపాలపల్లిలో బొగ్గు లారీ మీద ఉన్నాను. వచ్చేదాకా ఆగమని ఫోన్‌లో వాణ్ని బతిమాలాను. వచ్చేసరికి వాడు పెట్టించిన చితి కాలిపోయింది. సమాధి చేయాల్సిన మనిషికి ఒక్క పాటైనా పాడలేకపోయాను. ఆనాటి నుంచి వాడితో మాటల్లేవు. వాడి కూతురు శ్రావణికి మాత్రం మా మాటల బంద్ పట్టదు. బడి విడవగానే వచ్చి నా పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెబుతుంది.

ఊళ్లో ఒకామె అననే అంది: "తమ్మునితోని మాట బంద్ వెట్టినోనికి దేవుడు గొంతే బంద్ వెట్టిండు." నిజమేనేమో అనుకున్నాను.

రిపోర్ట్ వచ్చింది. "క్యాన్సర్ కాదు. గొంతు టీబీ" అన్నాడు డాక్టర్. మార్తా నేనూ చేతులెత్తి స్తోత్రం చెప్పాం.

"ఆగండమ్మా. మందులు మానకుండా వాడితే తగ్గుతది. కానీ ఇది బాగా అంటుకునే రకం. పిల్లలెవరన్న దగ్గరగ తిరుగుతున్నరా?"

ఎత్తిన చేతులు దిగిపోయాయి. శ్రావణి కొద్ది రోజులుగా దగ్గుతోంది.

క్యాన్సర్ భయం నా ప్రాణం గురించి. ఈ భయం వేరు. ఊళ్లో బస్సు దిగాం. ఇన్నేళ్లూ క్షమించాల్సినవాణ్ని నేనేనని పెద్దరికంగా కూర్చున్నాను. ఇప్పుడు అడగాల్సినవాణ్ని అయ్యాను. మార్త తాను చెప్తానంది. వద్దని వాడి గుమ్మం ముందు నిలబడ్డాను.

వినపడక వాడు దగ్గరికి రాబోతే చేయి అడ్డం పెట్టి మాస్క్‌లోంచి మళ్లీ చెప్పాను. "నాకు టీబీ. బిడ్డకు అంటుకున్నదేమో. దవాఖానకు తీస్కపో."

వాడి ముఖం నల్లబడింది. "నెలల సంది దగ్గుకుంట బిడ్డను పక్కన కూసోవెట్టుకుంటివా? దేవుడున్నడు, దేవుడున్నడు అంటవ్. డాక్టర్ లేడా?"

"తప్పయింది, తమ్మీ."

"ఇన్నేండ్లకు నోరు తెరిస్తివి. గిదా చెప్పేది?" అని లోపలికి పోయి బండి తాళం తెచ్చాడు.

వాడు బిడ్డకు పరీక్షలు చేయించాడు. నా కోసం అంత బేరమాడినవాణ్ని, ఆ పిల్ల కోసం నోరెత్తే ముఖం లేక ఊరికే మోకాళ్లూనాను. చివరికి గోడ మీద నుంచి యాకయ్య గొంతు వచ్చింది: "బిడ్డకు లేదంట. రాకుండ మందులిచ్చిన్రు. నీ గోలీలు మింగినవా?"

మింగాను. మధ్యలో ఆ మందులు పడక కామెర్లొచ్చి కళ్లు పచ్చబడితే అన్నీ ఆపి, మళ్లీ ఒక్కొక్కటే మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఇక లేవననుకున్నాను. లేచాను. కోర్సు పూర్తయింది. ఇప్పుడు పాట వేరేవాళ్లు ఎత్తుకుంటారు, నేను వెనక గరగరలాడతాను. తమ్ముడూ నేనూ మాట్లాడుకుంటున్నాం, అమ్మ సంగతి తప్ప. వాణ్ని క్షమించానో లేదో నాకే తెలియదు. వాడు నన్ను క్షమించాడో అడిగే ధైర్యం లేదు. గోడ అవతల శ్రావణి దగ్గితే ఇప్పటికీ కంచంలో చేయి ఆగిపోతుంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. రెండు వారాలు దాటిన దగ్గును దవాఖానలో చూపించండి. టీబీ అని తెలిసిన రోజే, మీ పక్కన కూర్చునేవాళ్లకు, మాటల్లేనివాళ్లకైనా సరే, ముందు చెప్పండి. దేవునికి చెప్పడం కాస్త ఆలస్యమైనా ఆయన ఓర్చుకుంటాడు. దగ్గుకు ఆ ఓపిక లేదు.