దొర ముందర మొగులు చూసిన సిపాయి

మా అవ్వ వాళ్ల నాయన ప్రపంచ యుద్ధానికి పోయి, చెక్కుచెదరకుండా కోడుమూరుకు తిరిగొచ్చిన సిపాయి. వస్తూ ఒక ఇనుప పెట్టె, ఒక కథ తెచ్చాడు. పెట్టె తుప్పుపట్టి పోయింది. కథ మాత్రం గట్టిది.

“మమ్మల్ని వరసగా నిలబెట్టినారు. పెద్ద దొర నడ్సుకుంటా వచ్చి నా ముందర ఆగినాడు. అందరూ దొరను సూస్తాంటే నేను తలెత్తి వాన మొగులు సూస్తాంటి” అని చెప్పేవాడట.

ఊరు నమ్మలేదు. బతికినన్నాళ్లూ ఆయన్ను ‘దొరగారి దోస్తు’ అని ఎగతాళి చేసింది. అవ్వకు ఎనభై దాటినా ఆ మాట చెవిలోంచి పోలేదు. తన నాయన అబద్ధాలకోరు కాదని ఒక్కసారి తేలితే చాలు అనేది.

ఏడో తరగతిలోనే చదువు నన్ను వదిలించుకుంది గానీ, ఫోను వదల్లేదు. పోయిన ఎండాకాలం ఆ యుద్ధంనాటి వార్తాచిత్రాలు వెతికి అవ్వకు చూపించాను. టోపీ పెట్టుకున్న లావుపాటి నాయకుడొకడు, తలపాగాల సిపాయిల ముందు, బస్సు తప్పిపోతుందన్నట్టు గబగబా నడుస్తున్నాడు. పాత బొమ్మల్లో అందరికీ అదే తొందర.

అవ్వకు బావ వరసయ్యే ఎదురింటి తాత వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఎగతాళి చేసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే.

“యాడ ఆగినాడు మే మీ దొర? పరిగెత్తుతాండాడు గదా.”

“నోరు మూసుకోని సూడు బావా.”

అంతలో నాయకుడు ఆగాడు. వీపు మావైపు. ఎదుటి సిపాయి మొహం ఆ టోపీ చాటున పడింది. గడ్డం మాత్రం పైకి లేచి కనిపిస్తోంది. మరుక్షణం నాయకుడు కూడా తలెత్తి ఆకాశం చూశాడు.

“మా నాయనే” అంది అవ్వ.

“మొగమే కనపల్లేదు గదవ్వా.”

“మొగమెందుకురా? అంత పెద్దమనిషి ఎదురుగా నిలబడింటే, వానొస్తాదా రాదా అని పైకి సూసేటోడు మన సీమోడు గాక ఇంకెవడుంటాడు?”

ఏ విమానమో పోయి ఉంటుంది అనబోయాను. తాత నా చేతిలోంచి ఫోను లాక్కుని, ముక్కుకు ఆనించుకుని, మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. చూస్తూ చూస్తూ ఆయన కూడా తలెత్తి ఇంటిపైన ఆకాశం చూశాడు. ఒక్క మబ్బు లేదు.

“సరే మే, ఆగినాడు. ఒప్పుకుంటాండా. ఇంతకీ ఆ పొద్దు వాన పడిందా, లేదా?”

“పడింటే చెప్పేటోడు గదా బావా. మా నాయన లేనిది చెప్పే మనిషి కాదు.”