జోగయ్య అంబాసిడరు మరిగిన వైనం

రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేసిన జోగయ్యకు రెండు నమ్మకాలుండేవి: తాను బిగించిన నట్టు వదులు కాదనీ, పొరపాటంటూ జరిగితే అది ఎదుటివాడి చేతిలోనే జరుగుతుందనీ. (ఆ రోజుల్లో కర్మాగారపు సైరను వినే హిందీ ఊళ్లోని మా తెలుగు పేటలో పొయ్యిమీది పప్పు దింపేవారు. ఇప్పుడా సైరనూ లేదు, ఆ క్రమమూ లేదు. అది వేరే సంగతి.)

పదవీ విరమణ తరువాత, రెండువేల పదకొండులో, ఆయన ఒక పాత అంబాసిడరు కొని ఇంజనంతా విప్పి మళ్లీ కట్టాడు. సిలిండర్ల లోపలి గోడలు అరగదీసి బోరు చేసిపెట్టినవాడు, ఊరి చివర భన్‌పురిలో లేతు నడిపే ప్రేమ్‌చంద్, పాతికేళ్ల స్నేహితుడు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. కాని పక్కపేట శంకర్ నగర్ దాటకముందే వేడి ముల్లు ఎర్రగీత తాకి, బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. మూడు రోజులు వరుసగా అదే తంతు.

జోగయ్య థర్మోస్టాటు తీసి చూశాడు, ఫ్యాను బెల్టు బిగించాడు. రేడియేటరును బిగించేముందు నీళ్లు తేటగా కారేదాకా స్వయంగా కడిగాడు గనుక, దానిని అనుమానించడం తనను తాను అవమానించుకోవడమే. ఇక మిగిలింది ప్రేమ్‌చంద్ పనితనం. తిన్నగా భన్‌పురి వెళ్లి, పనివాళ్లందరి ముందూ నిలదీశాడు.

"నా ఇంజను నాశనం చేశావు. నీది లేతు కాదు, చెరకురసం మిషను."

ప్రేమ్‌చంద్ చేతులు తుడుచుకుని, మెల్లగా హిందీలో అన్నాడు: "నా తప్పని తేలితే మిషను అమ్మేస్తాను జోగయ్య భాయ్. తేలకపోతే మాత్రం ఈ గుమ్మం తొక్కకు."

ఇంటికొచ్చినా ఆ సెగ తగ్గలేదు. భార్య అన్నమ్మ కంచం పెడుతూ, "ఊరందరి మీదా ఎగిరేరు. ఇంక నేనొక్కతెనే మిగిలేను, కానీయండి" అంది.

ప్రేమ్‌చంద్ తప్పు రుజువు చేయడానికే మర్నాడు పొద్దున్నే ఇంజను మళ్లీ విప్పబోయాడు. ముందు రేడియేటరు కింది కుళాయి తిప్పితే నీళ్లు నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి. పైగొట్టం ఊడదీసి టార్చి వేస్తే, లోపలి సన్నగొట్టాల మూతుల మీద పచ్చటి ముద్ద పేరుకుని ఉంది. తుప్పనుకుని వేళ్లతో నలిపాడు. మెత్తగా ఉంది.

"ఇదేటే?"

అన్నమ్మ వంగి చూసింది. "మెతుకులండి. పసుపు మెతుకులు."

జోగయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. విశ్వకర్మ పూజనాడు ప్రేమ్‌చంద్ మిషన్ల పక్కనే, హెడ్డు అనే పైమూత తీసిన తన ఇంజను నోరు తెరుచుకుని ఉంది. పూలూ అగరొత్తులూ చాలన్నాడు ప్రేమ్‌చంద్. అక్షింతలు పడకపోతే అది పూజే కాదని ఇంటినుంచి తెప్పించి, మూడు గుప్పిళ్లు చల్లింది తానే. "పైన గుడ్డ కప్పు భాయ్" అంటే, "దేవుడి దీవెనకు గుడ్డ అడ్డమా?" అని కసిరిందీ తానే. నీటిదారుల్లోకి జారిన ఆ గింజలు మరిగే నీళ్లలో ఉడికి, ఉబ్బి, రేడియేటరుకు అడ్డుపడ్డాయి.

అంత కోపం ఆయనకు జన్మలో రాలేదు. అరవడానికి ఎదుట తప్పు చేసిన మనిషి లేడు.

మధ్యాహ్నందాకా ఇంజనూ రేడియేటరూ కడిగి, తీసిన మెతుకులు ఒక డబ్బాలో వేసుకుని, బండిని మండుటెండలో భన్‌పురికి తోలాడు. ముల్లు దారిపొడవునా నడిమధ్యనే నిలిచింది. అది చూసి ఇంకా ఒళ్లు మండింది. గుమ్మం బయటే నిలబడి, మెతుకుల డబ్బా చాచాడు.

"నా చేతి పనే. నలుగురి ముందూ అన్నాను, నలుగురి ముందూ తిట్టు."

ప్రేమ్‌చంద్ డబ్బాలోకి తొంగి చూశాడు. "బాగానే ఉడికింది. ఉప్పు వేయలేదా?"

"తిట్టమంటున్నాను."

"తిట్టను. ఇంజను ఆపి లోపలికి రా."

జోగయ్యకు మళ్లీ కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంతోనే చెప్పులు విప్పి గుమ్మం దాటాడు.