వెనక లైటు కింది గాటు

మా ఆయన పనిలో ఒక్కటే లోపం ఉండేది. ఇంజను ఎంత మొండికేసినా లొంగదీసేవాడు. బ్రేకులు సరిచేశాడంటే మళ్లీ చాలాకాలం వాటి మాట ఎత్తాల్సిన పని ఉండేది కాదు. కానీ డిక్కీలోకి నీళ్లొస్తున్నాయని ఎవరైనా కారు తెస్తే మాత్రం ఆ నీళ్లు ఆగేవి కావు. అరవైల మొదట్లో, వికారాబాద్‌లో మా ఇంటి ముందరి రేకుల షెడ్డులో జరిగిన సంగతి ఇది. అప్పటికి ఊళ్లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో చాలావరకు మా దగ్గరికే వచ్చేవి.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఏ కారు డిక్కీ అయినా తెరిచే ముందు మూత మీద వేలితో రెండుసార్లు కొట్టేవాడు. "లోపల మీ చుట్టాలున్నరా?" అని పక్క చాయ్ దుకాణమాయన ఆటపట్టించేవాడు. మా ఆయన నవ్వేవాడు కాదు. నేను నవ్వేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తాండూరులో ఒక డాక్టరమ్మ ఉండేది. వారానికొకసారి కారులో వికారాబాద్ వచ్చి రోగులను చూసిపోయేది. ఆమె వెనక సీట్లో, మందులు, దూది, కట్టుగుడ్డలు డిక్కీలో. వానాకాలం వచ్చిందంటే, ఇక్కడికి చేరేసరికి దూదిని పిండితే నీళ్లు కారేవి. మా ఆయన రెండుసార్లు బాగుచేశాడు. వెనక లైట్లు ఊడదీసి, లారీ ట్యూబు కోసి వాటి చుట్టూ కొత్త రబ్బర్లు వేసి బిగించాడు. రెండుసార్లూ మొదటి వానకే నీళ్లు. మూడోసారి కారు వదిలిపోతూ, "ఈసారీ కాకపోతే హైదరాబాద్ పంపిస్తానయ్యా, ఏమనుకోకు" అంది డాక్టరమ్మ. మర్యాదగానే అంది. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది.

ఆయన రబ్బర్లు వేసి, పని అయిపోయిందన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు.

"నేను లోపల పండుకుంట. నువ్వు మూత వేసి పైన నీళ్లు పొయ్యి. ఎక్కడికెళ్లి వస్తున్నయో నేనే చూస్త," అన్నాను.

"వద్దు," అన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు. వద్దంటే ఆగే మనిషినైతే కదా. చీర కుచ్చిళ్లు దోపుకుని డిక్కీలోకి ఎక్కి, మూత నేనే లాక్కున్నాను.

లోపల రబ్బరు వాసన, తడిసిన దూది వాసన. మొదట ఏమీ కనబడలేదు. కాసేపటికి ఎడమ లైటు కింద సన్నటి వెలుతురు నా అరచేతి మీద పడింది. వేలు పెట్టి తడిమాను. రబ్బరు అరిగిపోయి ఏర్పడ్డ సందు కాదది. చాకుతో శుభ్రంగా కోసిన గాటు. కుడివైపు తడిమితే అక్కడా ఉంది. పైన కోస్తే వాన నేరుగా పడుతుందని కింద కోసినట్టున్నాడు. చక్రాలు చిమ్మే నీళ్లు కిందినుంచే కదా వచ్చేది.

మూత మీద రెండుసార్లు చప్పుడైంది. నేను గాటు తడుముతూ పలకలేదు. మళ్లీ రెండుసార్లు. కోపంతో అప్పుడూ పలకలేదు. మూత ఒక్క ఊపున తెరుచుకుంది. నన్ను చూసి ఆయన రెండు చేతులతో నా ముఖం పట్టుకున్నాడు.

"కొడితే పలుకొద్దా?" అన్నాడు. "పలుకొద్దా నువ్వు?"

ఆ గొంతు విన్నాక నాకు తిట్టబుద్ధి కాలేదు. కిందికి దిగి, ఆ గాట్లు ఎందుకు కోశావని మెల్లగా అడిగాను. ఆయన షెడ్డు ముందరి బండ మీద కూర్చుని చెప్పాడు. పెళ్లయిన నాలుగేళ్లలో ఆ సంగతి వినడం అదే మొదలు.

నలభై ఎనిమిదిలో, పోలీస్ యాక్షన్‌కు ముందటి వానాకాలంలో ఆయన తాండూరులో ఒక బండల వ్యాపారి దగ్గర డ్రైవరు. తల్లీ తండ్రీ లేరు, పదహారేళ్ల చెల్లెలు ఒక్కతే. గడబిడ రోజులు. ఎవరు ఎక్కడ ఆపుతారో తెలియదు. వ్యాపారి కుటుంబం వికారాబాద్‌లో చుట్టాలింటికి వెళ్లిపోదామని బయల్దేరింది. తన చెల్లెల్నీ తీసుకొస్తానన్నాడు ఈయన. వయసు పిల్ల ఎవరి కంటా పడొద్దని డిక్కీలో పడుకోబెట్టారు. ఆ ఏడాది వానలకు ముందే ఆయన ఆ డిక్కీకి తారు పట్టించి చుక్క నీరు రాకుండా చేసి ఉన్నాడు. అందుకని ఆ పిల్లకు గాలాడాలని ఎడమవైపు లైటు ఊడదీసి, ఆ రంధ్రం దగ్గర తల పెట్టుకొమ్మని చెప్పాడు.

దారి మధ్యలో ఎవరో కారు ఆపారు. ఎవరు, ఎక్కడికి, ఎందుకు అని చాలాసేపు నిలబెట్టారు. ఆ ఇంజను ఆపితే మళ్లీ ముందర హ్యాండిల్ పెట్టి తిప్పినా అందుకునేది కాదట. అందుకని ఆపకుండా ఉంచాడు. చివరికి వికారాబాద్ చేరాక మూత మీద రెండుసార్లు కొట్టాడు.

"నిద్రపోయినట్టే ఉండె," అన్నాడు. "మొకం ఎర్రగ, జరమొచ్చినట్టు. గాలి సాలలేదు."

అప్పటినుంచి తన చేతికొచ్చిన ప్రతి డిక్కీకీ గాలికి దారి వదులుతున్నాడు. "మళ్ల ఎవరన్న లోపల పండుకోవాల్సి వస్తే?" అని నన్నే అడిగాడు. దూది తడిస్తే తడవనీ, హైదరాబాద్ పోతే పోనీ అనుకున్నాను.

మర్నాడు ఆయన ఏదో సామాను కోసం పరిగి బస్సెక్కాడు. ఆ పొద్దే డాక్టరమ్మ కారు కోసం వచ్చింది. ఆయనను చేతగానివాడనుకుంటుందేమోనని నా ఉక్రోషం. గాటు చూపించి, చనిపోయింది తెలిసినవాళ్ల పిల్ల అని చెప్పి, జరిగినదంతా చెప్పేశాను. ఆమె మధ్యలో రెండే ప్రశ్నలు అడిగింది. కారు ఆపినప్పుడు ఇంజను నడుస్తూనే ఉందా? ముఖం ఎర్రగా ఉందని ఎవరన్నారు? రెండింటికీ జవాబు చెప్పాను.

ఆమె వంగి, లైటు కింద ఉన్న పొగగొట్టం చూపించింది.

"గాలి చాలక కాదమ్మా. ఈ పొగలో వాసన తెలియని విషం ఒకటి ఉంటుంది. కారు పోతుంటే వెనక సందుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. నిలబెట్టి ఇంజను నడిపితే ఇంకా ఎక్కువ. నిద్ర వచ్చినట్టు వస్తుంది. ముఖం అట్లాగే ఎర్రబడుతుంది." నుదురు రుద్దుకుంటూ, "ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాకు తలనొప్పి. రోడ్డు బాగాలేక అనుకున్నాను," అంది.

ఆ పిల్లను చంపింది ఆయన తీసిన లైటు. బతకాలని తీసిన లైటు.

"నీ వాళ్లేనా?" అంది డాక్టరమ్మ. తల ఊపాను. "మీ ఆయనకు చెప్పడం, మానడం నీ ఇష్టం. సందు మాత్రం ఉండొద్దు," అంది.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా పుట్టింటివాళ్లంతా అనేవాళ్లు. నిజమే, నానదు. కానీ ఈ ఒక్క మాట మింగేశాను. ఆయన పరిగి నుంచి వచ్చేసరికి ఆ కారు రబ్బర్లు నేనే మార్చేశాను. "లైట్ల పని ఇగ నాకియ్యి. నువ్వు ఇంజన్లు సూసుకో. గాటు ఏటవాలుగ కోస్త, గాలి వస్తది, నీళ్లు రావు," అన్నాను. ఆయన నమ్మాడు. మునుపు చేసిచ్చిన కార్లు కూడా ఒక్కొక్కటిగా తెప్పించి సందులన్నీ మూసేశాను. మా షెడ్డుకు మంచి పేరొచ్చింది. ఆయన నా తెలివిని నలుగురిలో మెచ్చుకుంటుంటే తల ఎత్తలేకపోయేదాన్ని.

ఆ పిల్లను నేను చూడనైనా లేదు. అయినా రబ్బరు అంచులు వేలితో నొక్కి మూస్తుంటే, అవతల ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టే ఉండేది. మూస్తేనే మంచిదని నాకు తెలుసు. నా వేళ్లకు తెలియదు. షెడ్డులో ఎవరూ లేనప్పుడు, "ఏమనుకోకు బిడ్డా" అని పైకే అనేసి స్క్రూ బిగించేదాన్ని. ప్రతి కారుకూ ఆయన అడిగేవాడు, "గాలికి ఇడిసినవా?" అని. ఇడిసిన అనేదాన్ని.

ఒక ఏడు మా మేనమామ బిడ్డ పెళ్లికి ఇద్దరం బస్సులో తాండూరు పోయాం. దారిలో ఒకచోట బస్సు ఆగింది. ఎవరూ ఎక్కలేదు, దిగలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆనాడు కారు ఆపిన చోటు అదేనని ఆయన చెప్పకుండానే నాకు అర్థమైంది.

"ఒక్కటే తీసిన," అన్నాడు. "రెండో లైటు గూడ తీసేదుండె. ఒక్కటి సాలకపాయెనా?"

ఒక్కటే ఎక్కువైందని నాకు తెలుసు. రెండూ తీస్తే ఇంకా ముందే పోయేదని తెలుసు. నీ తప్పేం లేదందామంటే, మరెట్ల పోయిందని అడుగుతాడు. ఎట్లాగూ ఏదో ఒక నింద మోయక తప్పని మనిషి, చిన్నదే మోయనీ అనుకున్నాను.

"సాలలేదు," అన్నాను.

ఆయన తల ఊపి, నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. తాండూరు వచ్చేదాకా వదల్లేదు.