బొమ్మలు కాపీ తియ్యని వరహాలరావు

వరహాలరావు మా కొండ మీదికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పాడేరు నుంచి ముంచింగిపుట్టు వచ్చే జీపులో వెనక సీటంతా ఒక పెట్టెకి ఇచ్చేసి, తను పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. పెట్టెకి బొంత చుట్టాడు. మలుపు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుంటున్నాడు. నెలలు నిండిన పెళ్ళాన్ని కూడా ఏ మగాడూ అంత జాగ్రత్తగా పట్టుకోడు. నేను అల్లం మూట ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చున్నాను. నోరు ఊరుకోలేదు.

"ఏటి బాబూ, లోపల దేవుడా?"

"జిరాక్సు మిషను పెద్దమ్మా."

"ఏటి తింటాది?"

"కాగితాలు తింటాది. కరెంటు తాగతాది."

"అయితే మా ఊళ్ళో పస్తులే దానికి," అన్నాను. జీపంతా నవ్వింది. అతను కూడా నవ్వాడు, కానీ పెట్టె మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. అతను శృంగవరపుకోట దగ్గర పల్లం మనిషి. పెళ్ళాం పిల్లలు కిందే ఉండిపోయారు, నెలకోసారి దిగి వెళ్ళి వచ్చేవాడు. మండలాఫీసు పక్కన ఒక గది తీసుకుని కొట్టు పెట్టాడు. పల్లం వాళ్ళకి మా చలి పడదు కదా, నడివేసవిలో కూడా చెవులకి మఫ్లరు చుట్టుకునేవాడు. మా వాళ్ళు కుల సర్టిఫికెట్లు, రేషను కార్డులు పట్టుకుని వరస కట్టేవారు. నాకూ రేషను కార్డు కాపీ కావాల్సి వచ్చి ఒకసారి వెళ్ళాను. మూత కింద పచ్చటి వెలుగు ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిగింది. పొద్దున్న పొగమంచులో కొండ వెనక నుంచి ఎండ అలాగే జరుగుతుంది, తొందర లేకుండా. ఆ వెలుగు చూస్తూ కార్డు సంగతే మర్చిపోయి నిలబడ్డాను. వెచ్చటి కాగితం చేతిలో పెట్టి, "అయిపోనాది పెద్దమ్మా, ఇంక కదులు," అన్నాడు.

ఆ కొట్లో ఒక అట్ట వేలాడేది. దాని మీద ఏముందో నాకు చదవడం రాదు గానీ అందరూ చెప్పారు: ఫొటోలు, కేలండర్ బొమ్మలు, పుస్తకాల్లో బొమ్మలు కాపీ తియ్యబడవు. ఎవరైనా తీసిన బొమ్మో, గీసిన బొమ్మో అయితే, వాళ్ళ దగ్గరి నుంచి అనుమతి కాగితం తెస్తేనే తీస్తాడట. కుర్రాళ్ళు సినిమా హీరోయిన్ బొమ్మ తెస్తే తియ్యనన్నాడు. చర్చి పాస్టరు గారు యేసు బొమ్మ తెస్తే తియ్యనన్నాడు. ఇంకొకరు దుర్గమ్మ బొమ్మ తెస్తే దానికీ అదే మాట. మా పక్కింటి గాసి అనేవాడు, "ఆడికి దేవుడంటే భయం లేదు గానీ అచ్చేసినోడంటే భయం," అని. నేనూ నవ్వేదాన్ని. నా దాకా రాలేదు కదా అప్పటికి.

నా పెద్ద కూతురు కనక. తొంభై ఐదులో, దాని పదహారో ఏట, విశాఖ నుంచి ఒక ఫొటోలాయన సంతకి వచ్చాడు. ఆరుగురు ఆడగుంటల్ని వరసగా నిలబెట్టి, ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడమన్నాడు. ఎండలో ఆడించి ఆడించి, ఫొటోలు తీసుకుని పోయాడు. తర్వాత ఏడు నా కొడుకు, దాని తమ్ముడు ఫల్గుణ పాడేరులో ఒక బట్టల కొట్టు గోడ మీద ఆ బొమ్మ చూశాడు. కేలండరు! కనక ఎడమ వైపు నుంచి మూడోది. పన్నెండు నెలలూ అయిపోయేదాకా ఆగి, అడిగి తెచ్చాడు. పొయ్యి గోడకి మేకు కొట్టి పెట్టాను. తొంభై ఎనిమిది వానల్లో కనక జ్వరం వచ్చి పోయింది. దానివి వేరే ఫొటోలేవీ లేవు. చింతగింజంత ముఖం, అదే మిగిలింది.

పొయ్యి గోడకి పెట్టడం నా బుద్ధి తక్కువ. పొగ పట్టింది. ఒక మూల బొద్దింకలు కొరికాయి. మడతలో కాగితం పెళుసెక్కి రాలిపోతోంది, ఆ మడత సరిగ్గా కనక మెడ దగ్గర. ఒకరోజు చూస్తే ముక్కుకీ నోటికీ తేడా తెలియలేదు.

మధ్యాహ్నం కాఫీ తోటలో నీడకి ఒరిగితే కునుకు పట్టేది. ఆ కునుకులో కనక వచ్చేది. నెత్తి మీద బుట్టతో మిరియాల తీగల మధ్య నుంచి నా ముందే నడిచేది. అడుగుల చప్పుడు ఉండేది కాదు. తోటంతా తేలుతున్నట్టు ఉండేది. పిలిస్తే తిరిగేది. తిరిగిన చోట ముఖం ఉండాలా, పొగమంచు ఉండేది. లేచి ఇంటికి పరిగెత్తి కేలండరు చూసుకునేదాన్ని. అక్కడా మంచే పడుతోంది. కన్నదాన్ని, కూతురి ముఖం మర్చిపోతున్నానని ఎవరితో చెప్పుకోను?

ఈలోగా ఫల్గుణ పెళ్ళానికి ఆడపిల్ల పుట్టింది. మా ఇంట్లో పిల్లకి మేం పేరు పెట్టం. దొప్పలో నీళ్ళు పోసి, పోయినవాళ్ళని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తూ బియ్యం గింజలు వదులుతాం. ఎవరి పేరుకి రెండు గింజలు వచ్చి అంటుకుంటాయో, వాళ్ళే తిరిగి వచ్చినట్టు. మా అత్త పేరుకి అంటుకోలేదు. మా ఆయన పేరుకి అంటుకోలేదు. కనకా అన్నాను. రెండు గింజలూ నీళ్ళ మీద మెల్లగా జరిగి జరిగి, ఒకదాన్నొకటి ఆనుకుని ఆగాయి. పిల్లకి కనక అనే పేరు.

అందరూ అన్నారు, తిరిగొచ్చింది కదా, ఇంకా ఆ కాగితం గొడవెందుకని. తిరిగొచ్చింది సరే, ఏ ముఖంతో వచ్చిందో నాకు తెలియొద్దా? పాతది ఉంటేనే కదా పోల్చుకునేది.

కేలండరు గుడ్డలో చుట్టి వరహాలరావు కొట్టుకి వెళ్ళాను. విప్పి చూసి, కింద ఉన్న సన్నటి అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఇది తియ్యకూడదు పెద్దమ్మా. ఫొటో తీసినాయన అనుమతి కావాలని రాసినారు."

"మా గుంట బొమ్మరా అది!"

"మీ గుంటే. బొమ్మ ఆయనది."

"ఓరి నీ తెలివి తెల్లారా! ముఖం మాది, బొమ్మ ఆడిదా? మా ఆవుకి ఎవడో బొమ్మ తీత్తే పాలు కూడా ఆడివేనేటి?"

అతను తల దించుకున్నాడు గానీ మిషను మూత ఎత్తలేదు. ఫల్గుణ పాడేరు తీసుకెళ్ళాడు. అక్కడి కొట్టువాళ్ళూ అదే చెప్పారు. ఎవరో స్టూడియో ఆయన వచ్చి గొడవ పెట్టుకున్నాడట, అప్పటి నుంచి బొమ్మలు మానేశారట.

నేను రెండు రోజులు ఆలోచించాను. అనుమతి కావాలన్నాడు కదా. బొమ్మలో ఉన్నదాని కంటే పెద్ద ఎవరు? మూడో రోజు పసిదాన్ని చంకన వేసుకుని మళ్ళీ వెళ్ళాను. దాన్ని తీసుకెళ్ళి మిషను మీద కూర్చోబెట్టాను.

"ఇదిగో కనక. వచ్చినాది. ఏలిముద్ర ఏయించుకో."

కొట్లో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. వరహాలరావు నవ్వలేదు. కరెంటు పోయి ఉంది, పని లేదు. బియ్యం గింజల సంగతి మొత్తం చెప్పించుకుని విన్నాడు. పిల్ల అతని మఫ్లరు పట్టుకుని లాగుతోంది. అప్పుడు తన సంగతి చెప్పాడు.

కుర్రతనంలో బొమ్మలు గీసేవాడట. ఒక ప్రెస్సు వాళ్ళకి పెళ్ళికార్డు మీద వెయ్యడానికి పల్లకీ బొమ్మ గీసి ఇచ్చాడు. ఒక్క కార్డుకే అన్నారు. ఏళ్ళ తరబడి అదే బొమ్మ వేసుకున్నారు, పక్క ఊళ్ళ ప్రెస్సులూ ఎత్తుకున్నాయి. ఆఖరికి తన చెల్లెలి పెళ్ళికి కార్డులు అచ్చు వేయించబోతే, ఆ పల్లకీ బొమ్మే చూపించి, చాలా బాగుంటుంది, తీసుకోమన్నారట.

"నానే గీసినానని సెప్పినాను. ఎవుడూ నమ్మలేదు పెద్దమ్మా. ఆయేళ నుంచి కుంచె ముట్టలేదు. మిషను కొన్నప్పుడే అనుకున్నాను, ఇంకొకలకి అలగ సెయ్యకూడదని."

పసిదాన్ని మిషను మీంచి దించి చంకన వేసుకున్నాను. మా ఇద్దరి బాధా ఒకే కాగితానికి ఆ పక్కా ఈ పక్కా ఉంది.

"ఉత్తరం రాద్దాం," అన్నాడు. కేలండరు కింద విశాఖ అడ్రసు ఉందట.

"అయితే రాయి. ఓ బాబూ, మా గుంటల్ని ఎండలో నిలబెట్టి గెంతించినావు, గుక్కెడు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, సెప్పకుండా గోడలకి ఎక్కించినావు, అది సచ్చిపోనాదని నీకు తెలుసునేటి? దాని మొగం పొయ్యిలో పొగకి పోతన్నాది, నీకు కూతుళ్ళు లేరేటి? రాసినావా?"

"రాసినాను."

"నేను అంత పొడుగు సెప్తే రెండు ముక్కలు రాసినావేటి?"

"మర్యాదగా రాత్తే పొట్టిగానే వత్తాది పెద్దమ్మా."

కింద నా వేలిముద్ర వేయించుకున్నాడు. పసిదానిది కూడా వెయ్యమన్నాను. దాని బొటనవేలు స్టాంపు ప్యాడు మీద అద్ది నా ముద్ర పక్కన ఒత్తాడు. మినప గింజంత ముద్ర. అది ఎవరిదో పక్కన రాశాడు కూడా.

ఆ వానలన్నీ ఎదురు చూశాను. ప్రతి సంత రోజూ కొట్టు ముందు నిలబడి, "ఏటి?" అనేదాన్ని. "ఇంకా లేదు," అనేవాడు. ఒకసారి చూస్తే కేలండర్లో మెడ మడత తెగిపోయింది. అన్నం మెతుకుతో అంటించాను. ముఖం చెరిగిన కనక తోటలో నా ముందు నడుస్తూనే ఉంది. నత్త నడిచినంత నెమ్మదిగా రోజులు పోయాయి.

వలిసె పూలు విరగబూసి కొండ చరియలన్నీ పచ్చగా మండుతున్న రోజుల్లో, వరహాలరావే మా ఇంటికి నడిచి వచ్చాడు. కొట్టు మూసి రావడం అదే మొదలు. చేతిలో అట్టతో గట్టిగా ఉన్న కవరు.

"విప్పలేదు. నీ పేరు మీద వచ్చినాది," అన్నాడు.

లోపల ఉత్తరం, పెద్ద ఫొటో. ఫొటోలాయన దాచుకున్న ఫిల్ము నుంచి కొత్తగా కడిగించి పంపాడు. ఉత్తరం వరహాలరావు చదివాడు: ఆ రోజు మీ అమ్మాయిల పేర్లయినా అడగలేదు, తప్పయింది. ఈ బొమ్మ మీ ఊళ్ళలో ఎవరికి కావాలన్నా, ఎన్ని కావాలన్నా తీసుకోవచ్చు, నన్ను అడగక్కర్లేదు. వీలైతే ఆరుగురి పేర్లూ రాసి పంపండి.

నేను ఫొటో చూస్తున్నాను. కనక అరచేతిలో సగమంత ఉంది. కొన విరిగిన పన్ను, కనుబొమ్మ మీద పొయ్యి కట్టె తగిలిన మచ్చ, ముక్కుకి మూడు పోగులు, అన్నీ ఉన్నాయి. మిగతా అయిదుగురూ ఎదురుగా చూసి నవ్వుతున్నారు. ఇది మాత్రం పక్కకి తిరిగి, నోరు తెరిచి ఎవరినో కసురుతోంది. ఎవరినేమిటి, నన్నే. బేగి రా, పొద్దు పోతోంది అని నేను పక్క నుంచి అరుస్తుంటే, ఉండవే అమ్మా అని కసిరింది. అప్పుడే ఫొటో తీసినట్టున్నాడు. ఆ కసురు నా చెవిలో పడింది. ఎండలో నిలబడి ఎంతసేపు విన్నానో నాకే తెలియదు.

పసిదాన్ని తెచ్చి ఫొటో పక్కన పెట్టి చూశాను. ఒక్క పోలికా లేదు. చప్పిడి ముక్కు, వాళ్ళ అమ్మదే. వరహాలరావు నా వంక చూశాడు.

"ఏటి సూత్తావు? పాత మొగం నచ్చలేదు కాబోలు, వేరేది తెచ్చుకున్నాది. దాని ఇష్టం," అన్నాను.

మర్నాడు సంతలో ఆ సంగతి పాకిపోయింది. కొట్టు ముందు జనం. గాసి అందరికంటే ముందు నిలబడ్డాడు, వాడి పెళ్ళాం రత్నాలు ఫొటోలో చివరిది. మూడేళ్ళ కిందట పురిటిలో పోయింది. వరహాలరావు చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఫొటోని అద్దం మీద బోర్లా పెట్టాడు.

"మెల్లగా ముయ్యి. మొగం మీద పడతాది," అన్నాను.

వెలుగు జరిగింది. కాగితం వచ్చింది. అందరం వంగి చూశాం. ముఖాలన్నీ బొగ్గులా వచ్చాయి. ముక్కుపోగులు, పళ్ళు, పూలు తెల్లగా, మిగతాదంతా నలుపు. వరహాలరావు మొహం మాడిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరికీ తియ్యని బొమ్మ, తీస్తే ఇలా అయింది.

"రంగుల మిషను విశాఖలో ఉంటాది. నానట్టుకెళ్ళి తీయించి తెత్తాను," అన్నాడు.

గాసి కాగితం అతని చేతిలోంచి లాక్కున్నాడు. "ఆగవో! ఇదిగో మా రత్నాలు. కుడి కాలు ఎడంగా ఏసి నిలబడతాది, ఎప్పుడూ అంతే. కాల్చిన దుంపలాగుంటే ఏటి, నాకు తెలీదా?"

వెనక నుంచి ఒక ముసలామె మెడ చాపి, మోచెయ్యి చూసి తన మనవరాలిని పోల్చుకుంది. ఇంకొకామె కొప్పు చూసి పోల్చుకుంది. ఆరు కాగితాలు తీశాడు వరహాలరావు. ఒక్కొక్కటి ఇస్తూ, పేరేమిటని అడిగి, ఫొటోలాయనకి పంపే కాగితం మీద రాసుకున్నాడు. మూడోది రాసేటప్పుడు నన్ను అడగలేదు.

ఫొటో కవర్లో పెట్టుకుని, వలిసె చేల మధ్య నుంచి ఇంటికి నడిచాను. ఫల్గుణ అల్లం దుంపలు తవ్వుతున్నాడు. నన్ను చూసి మట్టి చేతులతోనే పరిగెత్తుకు వచ్చాడు.

"అప్ప బొమ్మ ఏదే? ఇలగియ్యి!"

"ముట్టుకున్నావంటే చెయ్యి ఇరగ్గొడతాను. ఎల్లి ముందు చేతులు కడుక్కుని రా," అన్నాను.