గేటు బయట మంచం

నా చిన్నప్పుడు మద్దిలపాలెంలో మా ఇంటికి రెండు రకాల మనుషులు అద్దెకు వచ్చేవారు. రోడ్డు మీదకే తలుపున్న వీధి గది రోజుల లెక్కన ఇచ్చేవాళ్ళం. ఆసుపత్రి పని మీదో, ఉద్యోగం ఇంటర్వ్యూకో ఊళ్ళ నుంచి బస్సు దిగినవాళ్ళు అందులో ఒకటి రెండు రోజులుండి పోయేవారు. వెనక వాటాలో మాత్రం ఏళ్ళ తరబడి ఒకే కుటుంబం. ఆయన పోర్టులో ఓడల నుంచి సరుకు దించేవాడు. ఆయన భార్యని నేను వెనకింటి అక్క అనేదాన్ని. రోజూ నాకు జడ వేసేది ఆవిడే.

మా తాతయ్యకి రోజుల మనుషులంటేనే ఇష్టం. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతారు, వాళ్ళ మంచీ చెడ్డా మనకి అంటదు అనేవాడు. మా మామ్మ ఒప్పుకునేది కాదు. పిలిస్తే పలికే మనిషి ఇంట్లో ఉండాలని ఆవిడ వాదన. వెనక వాటా ఆయన పని నుంచి రాగానే మామ్మకి కుళాయి నీళ్ళు మోసిపెట్టి గానీ తన గుమ్మం ఎక్కేవాడు కాదు. అది చూపించి తాతయ్య నోరు మూయించేది.

ఒక ఎండాకాలం వెనక వాటా ఆయనకి కామెర్లు ముదిరాయి. ఆసుపత్రిలోనే పోయాడు.

శవాన్ని తెస్తున్నారని కబురు ముందే వచ్చింది. తాతయ్య వెళ్ళి పంతులుగారిని అడిగాడు. నక్షత్రం మంచిది కాదట, లోపలికి తెస్తే ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలట. నక్షత్రం బాగున్నా ఒకటే అనుకోండి. అద్దెకున్నవాళ్ళ శవాన్ని గుమ్మం ఎక్కనివ్వకపోవడం మా వీధంతా పాటించేదే. సిగ్గు లేకుండా ఇప్పటికీ పాటిస్తున్నారు. తాతయ్య గేటుకి తాళం వేసి, తాళంచెవి పంచెలో దోపుకున్నాడు.

రిక్షా వచ్చి గేటు ముందు ఆగింది. అక్క తాళం చూసి ఏడుపు ఆపేసింది. రోజూ తను ముగ్గేసే చోటే నిలబడి, భర్తని ఎక్కడ దించాలో తెలియక, రిక్షా అతని ముఖంలోకి చూసింది. నాకు భయం వేసింది.

మామ్మ తాళంచెవి అడిగింది. ఇవ్వలేదు. కాళ్ళు పట్టుకుంది. అయినా ఇవ్వలేదు. అప్పుడు లేచి, తను పడుకునే నులక మంచం ఈడ్చుకుంటూ వీధి గదిలోంచి రోడ్డు మీదకి వెళ్ళింది. ఆ గదిలో దిగినవాళ్ళు అప్పటికే సంచులు సర్దుకున్నారు, మంచానికి దారిచ్చి, అటు నుంచి అటే బస్సుకి పోయారు. మామ్మ గేటు బయట మంచం వాల్చి, తన చీర పరిచి, ఆయన్ని పడుకోబెట్టించింది. తల దగ్గర దీపం పెట్టి అక్కని ఒళ్ళోకి లాక్కుంది. కటకటాల ఇవతల నిలబడ్డ తాతయ్యతో గొంతు పెంచకుండానే చెప్పింది.

"నాను సచ్చిన్నాడు నన్ను కూడా ఇక్కడే పడుకోబెట్టండి. ఈ బాబుకి లేని గుమ్మం నాకొద్దు."

ముసలిదానికి మతి పోయిందన్నాడు తాతయ్య.

అక్క ఆ నెలలోనే పుట్టింటికి వెళ్ళిపోయింది. వెనక వాటా కూడా రోజుల మనుషులకే ఇచ్చాడు తాతయ్య. ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో. వాళ్ళలో ఒక్క ముఖం కూడా నాకు గుర్తు లేదు.

కొన్నేళ్ళకి మామ్మ కూడా ఆసుపత్రిలోనే పోయింది. ఈసారి గేటు రెండు రెక్కలూ తెరిచే ఉన్నాయి. నక్షత్రం కూడా మంచిదే. మా నాన్నా బాబాయిలూ మామ్మని ఎత్తుకుని లోపలికి రాబోతుంటే తాతయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక్కడే దించండ్రా. అది సెప్పింది," అన్నాడు.

తనే వెళ్ళి ఆ నులక మంచం తెచ్చాడు. పాడె కట్టేదాకా ఎండలో ఆవిడ తల మీద గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. ఎవరు అడిగినా గొడుగు ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు నాది. పై అంతస్తు ఫోన్ యాప్‌లో పెట్టి, బీచికి వచ్చేవాళ్ళకి రోజుల లెక్కన ఇద్దామని మా అబ్బాయి పోరు పెడుతున్నాడు. ఏ తలనొప్పీ ఉండదట, మా తాతయ్య మాటే. మొన్న తగరపువలస నుంచి ఒక జంట, భర్త తల్లిని వెంటబెట్టుకుని నెల అద్దెకి ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఆవిడకి డయాలసిస్ జరుగుతోంది. ఇప్పటికే చాలామంది ఇళ్ళవాళ్ళు కాదన్నారట. బ్రోకరు నన్ను పక్కకి పిలిచి, ముసలావిడ ఎన్నాళ్ళో ఉండదు, రేపు శవంతో మీకెందుకండీ గొడవ అన్నాడు. ఒళ్ళు మండి, నోరు మూసుకోమన్నాను.

ఆ కోడలికి తాళాలిస్తూ, అత్తగారికి వినపడకుండా ఒక్క మాట చెప్పాను.

"రేపు ఆవిడకేటైనా అయితే ఇంటికే తీసుకురా అమ్మా. లోపలికే."