అరవై గ్రాముల పేచీ

షెడ్డులో అందరూ ఆవిణ్ణి తూకం అక్క అనేవారు. చాటుగా నవ్వుకోవడానికి పెట్టిన పేరే చివరికి ఖాయమైపోయింది. యుద్ధ విమానంలో ఇంజిన్ పక్కన చిన్న పుచ్చకాయంత గ్యాస్ బుడ్డి ఉంటుంది. ఇంజిన్ అంటుకుంటే పైలట్ మీట నొక్కుతాడు, బుడ్డిలోని గ్యాస్ మంట మీద పడుతుంది. గడువు ప్రకారం దాన్ని విప్పి తూచడం, సరిపోతే సంతకం పెట్టడం, బరువు తగ్గితే గ్యాస్ కారిపోయిందని పక్కన పెట్టడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. "మీ అక్క సంతకం లేనిదే మా ఇంట్లో కూరలో ఉప్పు పడదోయ్" అని మొగుడు బావమరిదితో అంటూ ఉండేవాడు.

ఒక సోమవారం పొద్దున ఒక బుడ్డి అరవై గ్రాములు తక్కువ తూగింది. నలభై దాకా అయితే సరిపెట్టుకోవచ్చు. ఆవిడ సంతకం పెట్టనంది. బయట ఎండలో పైలటూ, వెనక సీటులో కూర్చునే ఆయనా హెల్మెట్లు చంకన పెట్టుకుని నిలబడ్డారు. షెడ్డు అధికారి ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

"అరవై గ్రాములంటే గుప్పెడు కూడా ఉండదు కదమ్మా. పెట్టేయ్."

"అంత తేలికైతే మీరే పెట్టండి సార్."

ఆయన పెట్టలేదు. పెట్టడని ఆవిడకి తెలుసు. వేరే బుడ్డి తెప్పించి బిగించేసరికి ముప్పావు గంట కావచ్చింది.

గురువారం మెమో వచ్చింది. విధుల్లో అలక్ష్యమట! పది రోజుల్లో సరైన సంజాయిషీ ఇవ్వకపోతే సంతకం చేసే అధికారం తీసేసి, గోదాంలో నట్లు ఏరే పనికి పంపుతారట. దానికి జత చేసిన, విమానం ఆలస్యమైందన్న ఫిర్యాదు కింద పైలట్ సంతకం ఉంది.

ఆ తర్వాతి మంగళవారం అదే విమానానికి గాల్లో కుడి ఇంజిన్ అంటుకుంది. ఇంధనం గొట్టం పగిలింది. పైలట్ మీట నొక్కాడు, మంట ఆరింది, ఎడమ ఇంజిన్‌తో ఎలాగో నేలకి దించాడు. ఇద్దరూ తమ కాళ్ల మీద తాము నడిచి రావడం చూసి, తూకం అక్క పనిముట్ల పెట్టె మీద కూలబడి ఏడ్చింది.

రెండ్రోజుల తర్వాత సభ పెట్టారు. షెడ్డు అధికారి వేదికెక్కి, "మా దగ్గర గ్రాము తేడా వచ్చినా ఊరుకోం" అన్నాడు. చప్పట్లు మోగాయి. చివరి వరసలో ఉన్న ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత సిగ్గులేని మనిషి!

సభ అయ్యాక వాళ్లిద్దరూ ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చారు.

"మీరు మార్పించిన బుడ్డేనటమ్మా. మా ప్రాణాలు నిలబెట్టారు" అన్నాడు పైలట్.

ఆవిడ మెమో తీసి చేతిలో పెట్టింది. ఫిర్యాదు దాకా చదివేసరికి అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకు ఆలస్యమైందో నాకెవరూ చెప్పలేదండీ."

"మీరు అడిగారా?"

అతను మెమో మడిచి, "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను" అన్నాడు.

"వద్దు. అప్పుడు తప్పు నాదీ, దయ మీదీ అవుతుంది. దాని కిందే రాయండి, ఆ పాత బుడ్డితో ఎగిరుంటే ఏమయ్యేదో."

పైలట్ అధికారి గది వైపు చూశాడు. లోపల ఆయన ఫోనులో ఎవరి అభినందనలో అందుకుంటున్నాడు.

"పైవాళ్లకి కోపం వస్తుందమ్మా."

"నాకు రాకూడదా బాబూ కోపం? నన్ను గోదాంలో కూర్చోబెడితే, రేపు మీ బుడ్డికి సంతకం పెట్టేది ఆయన చెప్పినట్టల్లా ఆడేవాడే. ఎక్కుతారా ఆ విమానం?"

వెనక సీటు ఆయన బల్ల దగ్గరికి కుర్చీ లాగాడు. "కూర్చో. నువ్వు రాయకపోతే నేను రాస్తాను. ఆ రోజు ఆలస్యానికి నీకంటే ఎక్కువ తిట్టింది నేనే."

పైలట్ కూర్చుని రాశాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. తూకం అక్క కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"నలభై నిమిషాల ఆలస్యం కాదు, నలభై మూడు. దిద్దండి" అంది.

అతను దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టాడు.