గేరుపెట్టె కింద నేను చేసిన పని

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

వానలు మొహం చాటేసి శెనక్కాయ చేను ఎండిపోతే, పావగడలో ఒక షెడ్డులో చేరి బండ్ల కరెంటు పని నేర్చుకున్నాను. రెండేళ్ల తర్వాత ఓబులేసు చేరాడు. నాగలమడిక వైపు, గొర్రెలు కాసే ఇంటి మనిషి. పని నేర్పింది నేనే. ఏడాది తిరక్కుండానే జనం నన్ను దాటుకొని అతని దగ్గరికి పోసాగారు. కడుపు మండిపోయేది. పొలమున్న ఇంటివాణ్ని, గొర్రెల కాపరి వెనక నిలబడాలా? అవును, అప్పుడు అలాగే అనుకున్నాను.

శెనక్కాయల మిల్లు సావుకారు బెంగళూరు నుంచి ఒక పాత ఫారిన్ కారు తెచ్చాడు. గేర్లు వాటంతటవే మారేవి. గుంతల దారిలో ఉన్నట్టుండి ఒకే గేరులో బిగుసుకుపోయేది. షెడ్డుకు తెస్తే బుద్ధిగా నడిచేది. నేను నాలుగు రోజులు కిందా మీదా పడ్డాను. ఓబులేసు గేరుపెట్టెకు పోయే తీగకు టెస్టు బల్బు కట్టి, ఒళ్లో పెట్టుకొని, సావుకారును ఏటి దారి వెంట నడపమన్నాడు. కుదుపుకు బల్బు ఆరింది, గేరు బిగిసింది. పైతొడుగు లోపల తెగిన తీగను ఒక్క పూటలో పట్టుకొని అతికేశాడు. మిల్లు ముందర గది ఇస్తాను, సొంత షెడ్డు పెట్టుకో అన్నాడు సావుకారు.

అప్పటికి కారు ఇంకా షెడ్డులోనే ఉంది. ఓబులేసు టీకి పోయాడు. నేను కిందికి దూరి, గేరుపెట్టెకు తీగలు కలిపే ప్లగ్గు విప్పి, లోపల ఒక పిన్ను పట్టును దబ్బనంతో వదులు చేసి, మళ్లీ పెట్టేశాను. ఎందుకు? ఆ గది నాకు కావాలనా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా, అది అతనికి దక్కకూడదన్న ఏడుపు తప్ప నాలో ఇంకేమీ దొరకలేదు.

మూడో రోజు కారు మళ్లీ మొరాయించింది. ఓబులేసు తన అతుకు చూశాడు. బాగానే ఉంది. నా వైపు తిరిగాడు.

"అన్నా, ఆ ప్లగ్గు నువ్వు చూసినావా?"

"చూసినాను. గట్టిగానే ఉండాది. ఈ కారు నీకు చాతకాదప్పా, ఒప్పుకో."

నేర్పినవాణ్ని కదా, నమ్మాడు. విప్పి చూడలేదు. సావుకారు నలుగురిలో తిట్టి, కారును బెంగళూరుకు పంపేశాడు. గది మాట మళ్లీ ఎత్తలేదు. నెల తిరక్కుండా ఓబులేసు పని మానేసి, వాళ్ల ఊళ్లో కూలికి చేరాడు.

పోయిన వారం ఓబులేసు నా రిపేరు అంగడికి టార్చిలైటు తెచ్చాడు. లోపల ఒక తీగ ఊడింది, అంతే.

"నువ్వే పెట్టన్నా, నాకు యాడ వస్తాది" అన్నాడు.

పెట్టిచ్చాను. టార్చి అందుకుంటున్న అతని వేళ్లు ఇప్పటికీ నా వేళ్ల కంటే నిలకడగా ఉన్నాయి. అప్పుడు కూడా కుళ్లుకున్నాను.

ఓబులేసుకు పని వచ్చు. ఆ కారును చెడగొట్టింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.